తప్పు బ్యాటరీదేనా?

పిల్లలూ! మీ పాఠ్యపుస్తకంలో విద్యుత్ వలయం బొమ్మ చూసే ఉంటారు. ఒక బ్యాటరీ, ఒక స్విచ్చి, ఒక బల్బు, వాటిని కలుపుతూ తిన్నని గీతలు. ఆ బొమ్మలో బల్బు ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది. ఆ గీతలకు తుప్పు పట్టదు. వాటిని ఎలుకలు కొరకవు. ఇరవై ఎనిమిదేళ్ళుగా నేను ఆ బొమ్మనే నల్లబల్ల మీద గీస్తున్నాను. ఆ బొమ్మ ఒక్కటే చాలదని ఈ మధ్యనే తెలిసింది. తెలియజెప్పినవి రెండు: మా ఇంటి పాత కారు ఒకటి, ఎనిమిదో తరగతి చదివే మా అన్న కూతురి మాట ఒకటి.

నా అభిప్రాయం ముందే చెబుతాను. మన బడుల్లో విద్యుత్ వలయం కట్టడం నేర్పుతున్నాం. చెడిపోయిన వలయంలో లోపం ఎక్కడుందో కనిపెట్టడం నేర్పడం లేదు. ఇది చిన్న లోటు కాదు. ఎందుకు కాదో మా కారు కథ చెబుతుంది, వినండి.

కొట్టంలో కారు

జమ్మలమడుగులో మా ఇంటి వెనక కొట్టంలో మా నాయన వాడిన అంబాసిడర్ కారు ఉంది. 1974 నాటిది. బ్రిటన్‌లో తయారైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారును నమూనాగా తీసుకుని, హిందుస్థాన్ మోటార్స్ సంస్థ పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపాడాలో 1950ల చివర్లో అంబాసిడర్ తయారీ మొదలుపెట్టింది. 2014లో తయారీ ఆగిపోయింది. అర్ధశతాబ్దం పైగా దాని ఆకారం పెద్దగా మారలేదు. నేర్చుకునేవారికి ఈ కారు మంచి పాఠ్యపుస్తకం. బానెట్ ఎత్తితే ప్రతి తీగ ఎక్కడ బయలుదేరి ఎక్కడికి పోతున్నదో చేత్తో పట్టుకుని చూడవచ్చు.

ఎనభై దాటిన మా నాయనను ఆ కారులో ఒక్కసారి గండికోటకు తీసుకుపోవాలని నా కోరిక. రెండు వేసవి సెలవులు దాని మీదే గడిపాను. ఇంజన్ దించి, తుప్పు గోకి, లోపలా బయటా కొత్త రంగు వేయించాను. మళ్ళీ ఇంజన్ ఎక్కించి, తీగలన్నీ కలిపి తాళం తిప్పాను. ముందు దీపాలు ధగధగా వెలిగాయి. హారన్ గట్టిగా మోగింది. స్టార్టర్ మోటారు మాత్రం అరచుట్టు బద్ధకంగా తిరిగి ఆగిపోయింది.

బ్యాటరీ చెడిపోయిందనుకున్నాను. ప్రొద్దుటూరు పోయి కొత్తది కొన్నాను. ఫలితం లేదు. అయితే తప్పు స్టార్టరుదే అనుకుని, దాన్ని విప్పి మళ్ళీ ప్రొద్దుటూరు తీసుకుపోయాను. దుకాణంలో బల్ల మీద పెట్టి చూస్తే చక్కగా తిరిగింది. "బాగుంది గదా సార్" అన్నారు. నేను వినలేదు. పట్టుబట్టి బ్రష్షులు మార్పించుకొచ్చాను. కారులో బిగిస్తే మళ్ళీ అదే అరచుట్టు! అప్పటికి ఎనిమిది వేల రూపాయలు ఖర్చయ్యాయి.

నేను బానెట్ దగ్గర నిలబడి చెబుతుంటే, మా అన్న కూతురు డ్రైవరు సీట్లో కూర్చుని తాళం తిప్పుతూ ఉంది. మధ్యలో, "చిన్నాయనా, ఈ చోకు కడ్డీ కాలుతాంది" అన్నది.

"మే నెల ఎండకు కాలక ఏం చేస్తుంది? ముట్టుకోవద్దు" అన్నాను.

"కొట్టంలోకి ఎండ యాడొస్తాది?" అన్నది.

నేను జవాబు చెప్పలేదు. ఆ ప్రశ్నను ఆ పూటే పట్టించుకుని ఉంటే, కనీసం స్టార్టరు కోసం ప్రొద్దుటూరు పోయే పని తప్పేది.

తిరుగు దారి

రాత్రి పడుకున్నాక ఆ మాట గుర్తొచ్చింది. చోకు అంటే డ్రైవరు ముందున్న పిడి నుంచి ఇంజన్ మీది కార్బురేటరు దాకా పోయే ఉక్కు తీగ. దానికీ విద్యుత్తుకూ ఏ సంబంధమూ లేదు. అలాంటి తీగ వేడెక్కిందంటే దానిలో విద్యుత్తు ప్రవహిస్తున్నదన్నమాట! ఎందుకు ప్రవహిస్తోంది?

ఇక్కడ కారు వలయం గురించి కొంచెం తెలుసుకోవాలి. ఇంట్లో బల్బుకు రెండు తీగలు ఉంటాయి. కారులో చాలా పరికరాలకు ఒక్క తీగే ఉంటుంది. రెండో తీగ పనిని కారు ఇనుప శరీరమే చేస్తుంది. బ్యాటరీ ఒక ధ్రువాన్ని ఆ శరీరానికి కలుపుతారు. మెకానిక్కులు దీన్ని 'ఎర్తు' అంటారు. ఎర్తు అన్నారు కదా అని నేల అనుకోకండి. కారు రబ్బరు చక్రాల మీద నిలబడి ఉంటుంది. నేలతో దానికి పని లేదు. ఈ కాలపు కార్లలో ఋణధ్రువాన్ని శరీరానికి కలుపుతారు. పాత బ్రిటిష్ నమూనా కార్లు కొన్నింటిలో ధనధ్రువాన్ని కలిపేవారు. కనుక పాత కారుకు బ్యాటరీ బిగించే ముందు ఏ ధ్రువం ఎర్తో చూసుకోవాలి.

ఇంజన్ అదురు మనుషులకు తగలకుండా దాన్ని రబ్బరు దిమ్మల మీద కూర్చోబెడతారు. రబ్బరు విద్యుత్ బంధకం కదా! అందుకని ఇంజన్‌ను, కారు శరీరాన్ని కలుపుతూ జడలా అల్లిన మందపాటి రాగి పట్టీ ఒకటి బిగిస్తారు. స్టార్టరులోంచి వచ్చిన ప్రవాహమంతా ఆ పట్టీ గుండానే బ్యాటరీకి తిరిగి పోవాలి.

మేము చేసిన ఘనకార్యం ఏమిటో తెలుసా? పట్టీ బిగించే చోట కూడా నున్నగా రంగు వేయించి, ఆ రంగు మీదనే పట్టీని బిగించాం. రంగు కూడా బంధకమే. పెద్ద బాట మూసుకుపోయేసరికి ప్రవాహం సందుల వెంట పోయింది. అంటే చోకు తీగ గుండా, యాక్సిలరేటరు కడ్డీల గుండా పోయింది. సన్నని ఉక్కు తీగలో అంత ప్రవాహం పోతే వేడెక్కక ఏమవుతుంది?

మరి దీపాలు ఎలా వెలిగాయి? వాటి ఎర్తు నేరుగా కారు శరీరానికే ఉంది. వాటి ప్రవాహం ఆ రాగి పట్టీ దాటనక్కరలేదు. కనుక దీపాలు వెలిగినంత మాత్రాన స్టార్టరు దారి బాగున్నట్టు కాదు.

కొద్దిపాటి రంగు ఇంత పని చేస్తుందా అని మీకు అనుమానం రావచ్చు. లెక్క వేసి చూద్దాం. 12 వోల్టుల బ్యాటరీతో స్టార్టరు 200 ఆంపియర్లు తీసుకుంటుందనుకోండి. అప్పుడు దాని దారిలోని మొత్తం నిరోధం 0.06 ఓం. దారిలో ఎక్కడో ఇంకొక 0.06 ఓం చేరిందనుకోండి. ప్రవాహం 100 ఆంపియర్లకు పడిపోతుంది. ప్రవాహం సగమైతే స్టార్టరుకు అందే శక్తి నాలుగో వంతే! అదే 0.06 ఓం నిరోధాన్ని 60 వాట్ల దీపం దారిలో పెట్టి చూడండి. దీపం నిరోధం 2.4 ఓంలు. ప్రవాహం నూటికి రెండున్నర వంతు తగ్గుతుంది, అంతే. కంటికి తేడా తెలియదు. ఒకే లోపం ఒకదాన్ని ఆపేస్తుంది, ఇంకొకదాన్ని ఏమీ చేయదు.

కొలత చెప్పిన నిజం

మీటరుతో ముందే పరీక్షించలేదా అని అడుగుతారేమో. పరీక్షించాను. ఇంజన్‌కూ శరీరానికీ మధ్య మీటరు పెట్టగానే 'కుయ్'మన్నది. దారి ఉన్నదని సంతోషించాను. ఉన్నది చోకు తీగ దారి! మీటరు అబద్ధం చెప్పలేదు. నేను అడిగిన ప్రశ్నే సరైంది కాదు. 'దారి ఉందా?' అని అడిగాను. 'ఇంత పెద్ద ప్రవాహాన్ని మోయగలదా?' అని అడగాలి.

అలా అడగడానికి ఒక పద్ధతి ఉంది. 1845లో కిర్చాఫ్ అనే జర్మన్ యువకుడు, ఇంకా విద్యార్థిగా ఉండగానే, వలయం చుట్టూ వోల్టుల జమాఖర్చు సరిపోవాలని నియమం చెప్పాడు. బ్యాటరీ ఇచ్చిన వోల్టులన్నీ వలయంలో ఎక్కడో ఒకచోట ఖర్చు కావాలి. స్టార్టరు దగ్గర ఖర్చు కాకపోతే, ఖర్చు కాకూడని చోట అవుతున్నాయన్నమాట. ఆ చోటు పట్టుకుంటే చాలు. అయితే ప్రవాహం లేనప్పుడు ఈ ఖర్చు కనిపించదు. స్టార్టరు తిప్పుతూనే కొలవాలి.

మరునాడు గేరు న్యూట్రల్‌లో పెట్టి, చేతి బ్రేకు లాగి, నేను తాళం తిప్పాను. మీటరు మా అమ్మాయి చేతికిచ్చాను. బ్యాటరీ ఎర్తు ధ్రువం నుంచి కారు శరీరానికి 0.1 వోల్టు. సరే. అదే ధ్రువం నుంచి ఇంజన్‌కు 5 వోల్టుల పైన! లోపం శరీరానికీ ఇంజన్‌కూ మధ్యనే ఉందని రెండు కొలతల్లో తేలిపోయింది. పట్టీ విప్పి, రెండు చోట్లా లోహం తళతళలాడేదాకా ఉప్పుకాగితంతో గీకి, మళ్ళీ బిగించి, తేమ చేరకుండా పైన గ్రీజు రాశాం. ఖర్చు పది రూపాయలు. ఈసారి కొలిస్తే 0.2 వోల్టులకు లోపే చూపింది. ఇంజన్ గిర్రున తిరిగింది.

ఓం కూడా బడిపంతులే

ఓం నియమం మీరందరూ వల్లె వేసే ఉంటారు. జార్జ్ సైమన్ ఓం జర్మనీలోని కొలోన్ పట్టణంలో బడిలో పాఠాలు చెప్పేవాడు. తండ్రి తాళాలు చేసే పనివాడు. ఆనాటి బ్యాటరీలు నిలకడగా ఉండేవి కావు. అందుచేత ఓం రెండు లోహాల అతుకును వేడిచేసి పుట్టించే విద్యుత్తును వాడి, రకరకాల పొడవుల తీగలను ఓపికగా కొలిచాడు. 1827లో తన నియమాన్ని పుస్తకంగా ప్రకటించాడు. అంటే ఆ నియమం పుట్టిందే తీగలు పట్టుకుని కొలిచే చేతుల్లో!

మనం దాన్ని ఏం చేశాం? 'వోల్టులు ఇంత, ఓంలు ఇంత, ఆంపియర్లు ఎంత?' అనే భాగహారం లెక్కగా మార్చేశాం. చెడిన యంత్రం దగ్గర ఎవరూ మనకు అంకెలు ఇవ్వరు. ఏది కొలవాలో తేల్చుకోవడమే అక్కడ అసలు ప్రశ్న. ఆ ప్రశ్న ఏ పరీక్షలోనూ రాదు. అందుకే నూటికి నూరు మార్కులు వేసే నాలాంటి మాష్టారు ఊహ మీద బ్యాటరీ కొంటాడు.

'ఇప్పటి కార్లలో లోపాన్ని కంప్యూటరే చూపిస్తుంది, ఈ పాత విద్య దేనికి?' అని మా తోటి ఉపాధ్యాయుడు ఒకరు అడిగారు. కంప్యూటరు తనకు అందిన వోల్టులను బట్టే చెబుతుంది. దాని ఎర్తుకు తుప్పు పడితే అది కూడా తప్పుదారి పట్టవచ్చు. అప్పుడు బాగున్న భాగాలను మార్చి డబ్బు పోగొట్టుకునేది మనమే.

'పిల్లలకు ప్రమాదం కదా?' అని మరొకరు అన్నారు. ఇది న్యాయమైన ప్రశ్న. 12 వోల్టులు షాకు కొట్టకపోవచ్చు. కాని స్పానరు రెండు ధ్రువాలకూ తగిలితే ఎర్రగా కాలిపోతుంది. చేతి ఉంగరం తగిలితే వేలు కాలుతుంది. చార్జి అయ్యే బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వాయువు వస్తుంది, అక్కడ నిప్పు పనికిరాదు. కనుక పెద్దలు పక్కన లేకుండా కారు బ్యాటరీ జోలికి పోవద్దు. ఇంటిలోని 230 వోల్టుల తీగలను పెద్దలున్నా సరే మీరు ముట్టుకోవద్దు సుమా! నేర్చుకోవడానికి టార్చిలైటు చాలు.

నా కోరిక ఒక్కటే. ప్రతి బడిలో నెలకొక గంట 'లోపాల గంట' ఉండాలి. ఉపాధ్యాయుడు టార్చిలోనో, సైకిలు డైనమో దీపంలోనో రహస్యంగా ఒక లోపం పెట్టాలి. ఏ భాగమూ మార్చకుండా, కొలిచి, లోపం ఎక్కడుందో పిల్లలు చెప్పాలి. వలయాన్ని సగానికి విడదీసి, లోపం ఏ సగంలో ఉందో అడుగుతూ పోతే, పదహారు చోట్లలో దాక్కున్న లోపమైనా నాలుగు ప్రశ్నలకు దొరుకుతుంది. చివరిసారి మనం చేయి పెట్టింది ఎక్కడో ముందు అక్కడ చూడాలి. మా కారులో లోపం పెట్టింది మా రంగే కదా! ఇక, ఎవరైనా 'ఇది కాలుతోంది' అని చెబితే, చెప్పింది చిన్నపిల్ల అయినా సరే, చేయి పెట్టి చూడాలి.

మా నాయన గండికోట ప్రయాణం ఇంకా కాలేదు. రెండు రాత్రులు నిలిపితే బ్యాటరీ దిగిపోతోంది. ఎలుక ఏ తీగ కొరికిందో ఏమో. మా అమ్మాయి బ్యాటరీ ఎర్తు తీగ ఊడదీసి, ఆ తీగకూ ధ్రువానికీ మధ్య ఒక 12 వోల్టుల బల్బు కలిపింది. కారులో అన్ని స్విచ్చులూ ఆపినా ఆ బల్బు వెలుగుతోంది. ఎందుకు వెలుగుతోంది? ఇప్పుడు ఫ్యూజులు ఒక్కొక్కటే తీస్తూ పోతే మాకు ఏం తెలుస్తుంది? మీరు ఆలోచించండి. మేమూ అదే పనిలో ఉన్నాం.