టిక్కెట్టు కొన్నారు... రైలెక్కలేదు!

సాయంత్రం నాలుగు గంటలు. స్టేషన్ ముందు పెద్ద క్యూ. చంకలో పిల్లాడు, చేతిలో దుప్పటి, సంచిలో రొట్టె, ఫ్లాస్కులో టీ. అందరూ అడుగుతున్నది అన్నిటికంటే చవక టిక్కెట్టే. మెట్లు దిగి ప్లాట్‌ఫాం మీదికి వచ్చాక మాత్రం ఒక్కరూ రైలెక్కరు. గోడ వారగా దుప్పటి పరిచేస్తారు. తెల్లారేదాకా కదలరు!

1940 సెప్టెంబరులో లండన్ భూగర్భ రైల్వే స్టేషన్లలో రోజూ ఇదే దృశ్యం.

ఆ నెల 7వ తేదీ శనివారం సాయంత్రం జర్మనీ విమానాలు గుంపులు గుంపులుగా వచ్చి థేమ్స్ నది ఒడ్డునున్న రేవుల మీద బాంబులు కురిపించాయి. అది మొదలు వరసగా 57 రాత్రులు లండన్‌కి కంటిమీద కునుకు లేదు. 1941 మే దాకా, ఎనిమిది నెలలు సాగిన ఈ దాడులనే 'బ్లిట్జ్' అంటారు. బ్రిటన్ మొత్తమ్మీద 40 వేల మందికి పైగా పౌరులు చనిపోయారు. అందులో సగం మంది దాకా లండన్ వాళ్లే.

యుద్ధం గురించి చదివితే విమానాల లెక్కలు దొరుకుతాయి, చర్చిల్ ప్రసంగాలు దొరుకుతాయి. మరి ఆ ఎనిమిది నెలలూ మామూలు ఇల్లాలు సంసారం ఎలా నెట్టుకొచ్చింది? పిల్లలు ఎక్కడ పడుకున్నారు?

చీకటితో కాపురం

బాంబుల కంటే ఏడాది ముందే చీకటి వచ్చింది. 1939 సెప్టెంబరు 1 నుంచి వీధి దీపాలు ఆర్పేశారు. కిటికీలకు నల్ల తెరలు కట్టాలి. సందులోంచి వెలుగు కనిపించిందా, జరిమానాయే. ఆ చీకట్లో రోడ్డు ప్రమాదాలు ఎంత పెరిగాయంటే, ఆ నెలలో చనిపోయినవాళ్ల సంఖ్య అంతకుముందు ఏడాదితో పోలిస్తే దాదాపు రెట్టింపయింది. దాంతో ఫుట్‌పాత్ అంచులకీ, చెట్ల మొదళ్లకీ తెల్ల రంగు వేశారు.

1940 జనవరి నుంచి రేషన్. మొదట పంది మాంసం, వెన్న, పంచదార. ఆ తర్వాత టీ పొడికీ కొలతే. పెరట్లో పూల మొక్కలు పీకేసి బంగాళాదుంపలు, క్యాబేజీ వేసుకున్నారు.

పెరడు లేనివాళ్ల సంగతో?

పెరడున్న వాళ్లకి ఇంకో సౌకర్యం కూడా ఉంది. గొయ్యి తీసి, వంపు తిరిగిన ఇనప రేకులు బిగించి, పైన మట్టి కప్పుకునే 'ఆండర్సన్ షెల్టర్'. ఆదాయం తక్కువున్న కుటుంబాలకి ప్రభుత్వం ఉచితంగానే ఇచ్చింది. కానీ బాంబులు ఎక్కువగా పడ్డ ఈస్ట్ ఎండ్‌లో రేవు కూలీలుండేవి ఇరుకిరుకు ఇళ్లు. పెరడే లేనివాడికి రేకులిచ్చి ఏం లాభం?

వాళ్ల కళ్లు భూగర్భ స్టేషన్ల మీద పడ్డాయి. అధికారులు వద్దన్నారు. రైళ్లకి అడ్డమన్నారు. జనం ఒకసారి లోపలికి దిగితే భయంతో మళ్లీ పైకి రారు, పనులు ఆగిపోతాయన్నది వాళ్ల అనుమానం. జనం వాదించలేదు. టిక్కెట్టు కొన్నారు, దిగారు, పడుకున్నారు. అంతే! సెప్టెంబరు నెలాఖరుకి లెక్క తీస్తే ఒక్క రాత్రిలో లక్షా 77 వేల మంది తేలారు. ప్రభుత్వం దిగిరాక తప్పలేదు.

ఇంకో సంఘటన. సెప్టెంబరు 14 రాత్రి ఈస్ట్ ఎండ్ నుంచి కొందరు పెద్దలు, పిల్లలు కలిసి నేరుగా సవాయ్ హోటల్‌కి వెళ్లిపోయారు. సంపన్నుల కోసం అక్కడ నేలమాళిగలో మంచి షెల్టర్ ఉంది. 'మా పిల్లల ప్రాణాలు మాత్రం ప్రాణాలు కావా' అన్నదే వాళ్ల ప్రశ్న. ఆ రాత్రి వాళ్లని బయటికి గెంటడం ఎవరివల్లా కాలేదు.

ప్లాట్‌ఫామే ఇల్లు

మొదట్లో ఆ స్టేషన్లు నరకమే. మరుగుదొడ్లకి బదులు బకెట్లు. కంపు, పేలు, దోమలు. ప్లాట్‌ఫాం మీద రెండు తెల్ల గీతలుండేవి. సాయంత్రం ప్రయాణికుల రద్దీ తగ్గేదాకా పడుకునేవాళ్లు వెనక గీత దాటకూడదు. తర్వాత ముందు గీత దాకా జరగొచ్చు. రైళ్లు ఆగిపోయాక ప్లాట్‌ఫామంతా వాళ్లదే.

మెల్లగా మంచాలొచ్చాయి. నర్సులొచ్చారు. టీ, బన్నులు మోసుకుంటూ ప్రత్యేక రైలు వచ్చేది. బెత్నల్ గ్రీన్ స్టేషన్‌లో అయితే ఏకంగా లైబ్రరీ పెట్టారు. తెల్లారి పైకొచ్చాక ఇల్లు నిలిచి ఉంటే మొహం కడుక్కుని పనికి. అద్దాలు పగిలిన దుకాణాల ముందు 'మామూలుకన్నా ఎక్కువే తెరిచి ఉంది' అని బోర్డు పెట్టేవారట!

అలాగని అందరూ స్టేషన్లకే పోలేదు. ఆ నవంబరులో లెక్క చూస్తే నూటికి నలుగురే అక్కడ పడుకున్నారు. సగానికి పైగా జనం ఇళ్లలోనే, మెట్ల కిందో బల్ల కిందో రాత్రి గడిపారు.

మెట్ల మీద 173 ప్రాణాలు

లైబ్రరీ ఉన్న అదే బెత్నల్ గ్రీన్‌లో 1943 మార్చి 3న సైరన్ మోగింది. జనం లోపలికి దిగుతున్నారు. దగ్గర్లోని పార్కు నుంచి మన సైన్యమే కొత్త రకం రాకెట్లు పేల్చిందని అక్కడివాళ్లకి తెలీదు. ఆ చప్పుడుకి హడలిపోయి ఒక్కసారిగా తోసుకున్నారు. మెట్ల మీద ఒకామె పడిపోయింది. ఆమె మీద మరొకరు. నిమిషాల్లో 173 మంది ఊపిరాడక చనిపోయారు. అందులో 62 మంది పిల్లలు. ఆ చుట్టుపక్కల ఒక్క బాంబూ పడలేదు!

లోపలికి వెళ్లడానికి ఒకటే దారి. మెట్ల మధ్యలో పట్టుకోవడానికి కమ్మీ లేదు. దారి బాగుచేయడానికి డబ్బివ్వమని స్థానిక సంస్థ అంతకుముందే అడిగితే పైవాళ్లు కాదన్నారు. విచారణ నివేదికని యుద్ధం ముగిసేదాకా బయటపెట్టలేదు. చనిపోయినవాళ్ల పేర్లతో పూర్తి స్మారకం కట్టడానికి 2017 దాకా పట్టింది.

ఇదంతా ఎక్కడో సీమదేశం కథ అనుకోకండి. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు మన విశాఖ, కాకినాడల మీద బాంబులేశాయి. మూటాముల్లె సర్దుకుని పల్లెలకి తరలిపోయిన కుటుంబాలెన్నో. పోనీ పాతకాలం కథా అంటే అదీ కాదు. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ రాజధాని కీవ్ మీద దాడులు మొదలైనప్పుడు జనం మెట్రో స్టేషన్లలోకే దిగారు. అవే దుప్పట్లు, అవే ఫ్లాస్కులు, ఒళ్లో నిద్రపోతున్న పిల్లలు. ఒక్కటే తేడా... ఈసారి లోపలికి దిగడానికి ఎవరూ టిక్కెట్టు కొనాల్సిన పని లేకపోయింది.