ఐసీయూ తలుపు ఇవతలివాళ్ల మాట

మేము కళింగపట్నంలోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ గుండెజబ్బు వచ్చిన ఇళ్లవాళ్లం. మా పిల్లలు చాలామంది వేటకని గుజరాత్‌లోని వెరావల్ పోతారు. బోటు సముద్రంలో ఉంటే ఫోను కలవదు. పెద్దాయనకు గుండెపోటొస్తే 108లో పక్కన కూర్చునేది భార్యో కోడలో. శ్రీకాకుళం పెద్దాసుపత్రి, అక్కడ కాదంటే నూరు కిలోమీటర్లు దాటి విశాఖ. తీరా వెళ్లాక ఆమెను అడిగేది: "మగోళ్లెవులూ రాలేదేటి?"

వచ్చిన మనిషే ఇంటిమనిషి. ఆమెతోనే మాట్లాడండి.

మాలో ఒకామెకు ఓ ఆసుపత్రిలో భర్త చొక్కా, వెండి మొలతాడు కవరులో పెట్టి చేతికిచ్చారు. మనిషి పోయాడనుకుని అక్కడే కూలబడింది. యాంజియోగ్రాం గదిలోకి తీసుకెళ్లే ముందు తీశామని చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? అందుకే రోజూ ఫలానా వేళకని చెప్పి, డాక్టరుగారు ఐదు నిమిషాలు మాతో మాట్లాడాలి. కొడుకు ఫోన్లో దొరికితే అతన్నీ విననివ్వాలి.

తెలివిలో ఉన్న రోగిని అడక్కుండా మా చేత సంతకం పెట్టించొద్దు. తన నిర్ణయం తాను తీసుకోగల మేజరు బదులు, ప్రాణాపాయం లేనప్పుడు, తల్లి ఒప్పుకున్నా చెల్లదని సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు 2008లోనే చెప్పింది. కేసు షీటు నకలు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలన్నది 2002 నాటి వైద్యమండలి నియమం. మేము అడుగుతాం.

అన్నిటికంటే డిశ్చార్జి రోజు మాకు ముఖ్యం. "ఉప్పు తగ్గించండి" అని చీటీ చేతిలో పెడతారు. చోడంబలిలోకి మేము నంజుకునేది ఎండు నెత్తళ్లు. కూరలో ఉప్పు మానేసి, ఆ ఎండుచేప తింటూనే ఉంటాం. ఇంట్లో ఏం వండుతారని వండేమనిషిని అడిగి చెప్పండి. స్టెంటు వేశాక ఏ మాత్ర డాక్టరు చెప్పకుండా ఆపకూడదో, ఆపితే స్టెంటులో గడ్డ కట్టొచ్చని, తెలుగులో పెద్దక్షరాలతో రాయండి. కీళ్లవాతం జ్వరంతో కవాటం చెడిన పిల్లలకు మూడు వారాలకోసారి పెన్సిలిన్ సూది వేయమన్నప్పుడు, తర్వాతి తేదీ తల్లికి చదివి వినిపించండి.

మా వైపు నుంచీ మాటిస్తున్నాం. ఛాతీ నొప్పిని గ్యాసనుకుని సోడా తాగించి తెల్లారేదాకా ఆగం. గడ్డ కరిగించే సూది తొలి గంటల్లో పడితేనే ఎక్కువ మేలు. వార్డులోకి పదిమందిమి తోసుకు రాం. నర్సమ్మ మీద చెయ్యెత్తిన వాడు మావాడైనా వెనకేసుకురాం.

ఇకమీదట ఆసుపత్రికెళ్లే ప్రతి ఇంటితో మాలో ఒకరు తోడు వెళ్తారు. పాత ఈసీజీ కాగితాలు, మాత్రల చీటీ, వెరావల్ బోటు ఓనర్ల నంబర్లు రాసిన నోటుబుక్కు ఆ మనిషి సంచిలో ఉంటాయి.