లీవర్ రైఫిలు కొనేముందు రెండు ముక్కలు

మన సాఫ్టువేరు జనాలం ఏది కొనాలన్నా ముందు ఎక్సెల్ షీటు తెరుస్తాం. కెమెరా అయినా అంతే, కారయినా అంతే. అమెరికాలో ఉంటూ వేటకో, టార్గెట్ షూటింగుకో రైఫిలు కొనాలనుకునే మనవాళ్ళూ అదే చేస్తారు. బుల్లెట్ వేగమెంత, ఎంత దూరం పోతుంది, స్కోపు ఎన్ని రెట్లు పెద్దది చేసి చూపిస్తుంది... ఇలా. నా మటుకు నాకు ఇది తలకిందుల పద్ధతి అనిపిస్తుంది. రైఫిలు ఎంపిక చిన్న పని. దాన్ని గురికి సరిచెయ్యడమే అసలు పని.

ముందుగా చట్టం సంగతి. హెచ్1బి లాంటి నాన్-ఇమ్మిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ దగ్గర పెట్టుకోకూడదని ఫెడరల్ చట్టం చెప్తోంది. అమెరికాలో ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది. మీ రాష్ట్రం రూల్సు దానికి అదనం. ఉదాహరణకి ఒహాయోలో జింకల వేటకి మెడ సన్నబడని, తిన్నటి గొట్టంలాంటి తూటాలే వాడాలి. అక్కడ .30-30 పనికిరాదు. ఇవన్నీ కనుక్కున్నాకే షాపుకి వెళ్ళండి.

ఇక ఎంపిక. అడవిలో, చెట్ల మధ్య వైట్‌టెయిల్ జింక కనపడేది సాధారణంగా వంద గజాల లోపే. దానికి 1895లో వచ్చిన .30-30 తూటా ఇవాళ్టికీ చాలు. వ్యోమింగ్ లాంటి బయలు ప్రదేశాల్లో మూడొందల గజాలు కొట్టాలంటే బోల్ట్ యాక్షన్ కొనుక్కోండి, నాకేం అభ్యంతరం లేదు.

జాన్ బ్రౌనింగ్ తయారుచేసిన వించెస్టర్ 1894 సన్నగా, చేతిలో హాయిగా ఉంటుంది. కానీ పాతవాటిలో ఖాళీ తూటా నెత్తిమీదుగా పైకి ఎగురుతుంది కాబట్టి స్కోపు నడిమధ్యన బిగించడం కుదరదు. 1948లో వచ్చిన మార్లిన్ 336లో తూటా పక్కనించి బయటికొస్తుంది, పైభాగం మూసి ఉంటుంది. ఒక్కటే కొనాలంటే నా ఓటు దీనికే. ఈ రెండింట్లోనూ తూటాలు గొట్టంలో ఒకదాని వెనక ఒకటి పడుకుంటాయి. వెనకదాని మొన ముందుదాని ప్రైమర్‌కి ఆనుకుని ఉంటుంది. అందుకే గట్టి సూదిమొన బుల్లెట్లు వాడితే గొట్టంలోనే పేలే ప్రమాదం ఉంది. మొద్దు మొనవి, లేదా లీవర్ రైఫిళ్ళ కోసమే చేసిన మెత్తటి ప్లాస్టిక్ మొనవి మాత్రమే వాడాలి.

స్కోపు కంటే ముందు పీప్ సైట్ ప్రయత్నించండి. మామూలు సైట్లతో వెనక గాడి, ముందు పూస, జింక మూడింటినీ కన్ను ఒకేసారి స్పష్టంగా చూడలేదు. పీప్‌లో చిన్న కన్నంలోంచి చూస్తాం, కన్ను దానంతటదే మధ్యకి వచ్చేస్తుంది. పూస మీద దృష్టి పెడితే సరిపోతుంది.

గురి సరిచెయ్యడం అచ్చం డీబగ్గింగే. ఒకసారికి ఒక్కటే మార్చాలి. పాతిక గజాల దగ్గర మొదలుపెట్టి, బుల్లెట్లు మధ్యలో పడుతున్నాక వందకి వెళ్ళండి. ఒక్క దెబ్బ చూసి స్క్రూ తిప్పకండి. మూడు కాల్చి, వాటి మధ్యస్థానం చూసి, బ్యారెల్ చల్లారాక తిప్పండి. వెనక సైట్‌ని బుల్లెట్ ఎటు పోవాలో అటే జరపాలి, ముందుదాన్ని దానికి వ్యతిరేకంగా. ఎంత అంటారా? తప్పిన దూరాన్ని సైట్ల మధ్య దూరంతో గుణించి, టార్గెట్ దూరంతో భాగించండి. వంద గజాల (3600 అంగుళాలు) దగ్గర నాలుగంగుళాలు కిందకి పడుతోంది, సైట్ల మధ్య 20 అంగుళాలు ఉంది అనుకుందాం. వెనకది 0.022 అంగుళం పైకి లేపాలి. అంటే గోరంత కూడా కాదు.

వందకి సరిచేసిన .30-30 రెండొందల గజాలకి సుమారు ఎనిమిది అంగుళాలు కిందకి పడిపోతుంది. పొట్టలోనో కాలికో గాయమైన జింక ఏ పొదలోకో పారిపోయి గంటల తరబడి చస్తుంది. నాకు అసలు బాధ ఇక్కడే. స్పెసిఫికేషన్ షీటులో ఈ గడి ఉండదు.

అందుకని స్కోపుకి పెట్టే డబ్బుల్లో సగం తూటాలకి పెట్టండి. వీలైతే ఒక .22 లీవర్ రైఫిలు కూడా కొని, చవగ్గా సాధన చెయ్యండి. తర్వాత బెంచీ వదిలేసి, కూర్చుని, నిలబడి, ఆరంగుళాల కాగితం ప్లేటు మీద అయిదు కాల్చండి. అయిదుకి అయిదూ ప్లేటులో పడే దూరమే మీ రైఫిలు రేంజి. అది డెబ్భై గజాలైతే డెబ్భయ్యే. డెబ్భై ఒకటో గజంలో ఎంత పెద్ద కొమ్ముల జింక నిలబడ్డా, ట్రిగ్గర్ మీద వేలు వెయ్యకుండా చూసి ఆనందించడమే మర్యాద.