నాడి ఆడితే చాలునా?

ఫ్రెంచివారు 1823లో వైద్య పాఠశాల నెలకొల్పిన ఊరు పుదుచ్చేరి. నేటి జిప్మర్ ఆ పాఠశాల వారసురాలే. ఆ ఊళ్లో కూర్చుని, విరిగిన ఎముకలను గురించిన ఒక చిన్న పుస్తకాన్ని ఇంగ్లీషు నుంచి తెలుగు చేస్తూ నేనొక తప్పు చేశాను. కట్టు కట్టిన తరువాత వేళ్లలోని నరాల పనితీరును గమనించాలని మూలంలో ఉన్నది. ‘నాడిని పరీక్షించండి’ అని రాశాను. రాతప్రతి చూసిన శస్త్రవైద్యులొకరు ఆ మాట కింద ఎర్రగీత గీశారు. ‘దీన్ని నమ్మితే పిల్లవాని చేయి పోతుంది’ అన్నారు.

తప్పులో కొంత మన భాషది కూడా. మణికట్టు దగ్గర కొట్టుకునేది నాడి. మెదడుకు చెందినది నాడీమండలం. ముంజేతి మీద ఉబ్బే సిర నరమే. స్పర్శను మోసే తంతువూ నరమే.

చేతిలో మాత్రం ఇవి వేర్వేరు. భుజధమని దండచేయి లోపలి వైపుగా దిగి, మోచేతి ముందు రెండు పాయలవుతుంది. ఒకటి బొటనవేలి వైపు పోతుంది. వైద్యుడు నాడి చూసేది దానిమీదనే. రెండవది చిటికెనవేలి వైపు పోతుంది. అరచేతిలో రెండూ మళ్లీ కలుస్తాయి.

నరాలు మెడ దగ్గర వెన్నుపాము నుంచి బయలుదేరుతాయి. ముఖ్యమైనవి మూడు. ఒకటి భుజధమనిని అంటిపెట్టుకుని వచ్చి బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలికి స్పర్శనిస్తుంది. మరొకటి దండచేతి ఎముకను వెనుకనుంచి చుట్టి వచ్చి మణికట్టును పైకెత్తిస్తుంది. మూడవది మోచేతి లోపలి బొడిపె వెనుకగా పోతుంది. మోచేయి గడపకు తగిలినప్పుడు చిటికెనవేలి దాకా జివ్వుమనిపించేది అదే.

జామచెట్టు మీదినుంచి చేయి చాచి పడిన పిల్లవానికి తరచుగా మోచేతికి కాస్త పైన ఎముక విరుగుతుంది. ముంజేతి కండరాలు సాగని పొరల అరల్లో ఉంటాయి. వాపు పెరిగి, పైన కట్టు బిగిస్తే లోపల ఒత్తిడి హెచ్చుతుంది. అప్పుడు ముందుగా మూసుకుపోయేవి సూక్ష్మ రక్తనాళాలు, పెద్ద ధమనులు కావు. అందువల్ల మణికట్టు దగ్గర నాడి ఆడుతూనే ఉండవచ్చు. లోపల కండరమూ నరమూ చచ్చిపోతుండవచ్చు. సుమారు 6 గంటలు దాటితే నష్టం శాశ్వతం కావచ్చు. కండరాలు కుంచించుకుపోయి వేళ్లు కొక్కేల్లా వంగిపోతాయి.

బిగుతు కట్ల వల్ల కలిగే ఈ వైకల్యాన్ని 1881లో వివరించిన జర్మన్ శస్త్రవైద్యుడు రిచర్డ్ ఫాన్ ఫోల్క్‌మన్. ఫ్రాన్సుతో యుద్ధానికి వెళ్లినప్పుడు ఆయన రాసిన కథలు 1871లో రిచర్డ్ లియాండర్ అన్న మారుపేరుతో వెలువడ్డాయి. పిల్లలకు కథలు చెప్పినవాని పేరే నేడు పిల్లల చేతికి కలిగే ఈ ఆపదకు మిగిలింది.

కట్టు కట్టించుకుని వచ్చిన బిడ్డ నొప్పి తగ్గక ఇంకా ఎక్కువగా ఏడుస్తున్నాడా? వేళ్లను మెల్లగా చాపితే కేక వేస్తున్నాడా? వేళ్లు తిమ్మిరెక్కాయంటున్నాడా? నాడి దొరికిందని ఊరుకోకండి, తెల్లవారనివ్వకండి. వెంటనే ఆసుపత్రికి తీసుకుపోండి. అక్కడ మొదట కట్టు వదులు చేస్తారు. అవసరమైతే పొరను కోసి ఒత్తిడి తగ్గిస్తారు.

నా వాక్యాన్ని ఇలా దిద్దుకున్నాను: ‘వేళ్లకు స్పర్శ ఉన్నదా, కదులుతున్నాయా అని బిడ్డను అడగండి.’ నాడి అన్న మాట అందులో లేదు.