‘కొన్ని చోట్ల’లో మన ఊరుందా?

పొలిమేరవాసి

మొన్న మధ్యాహ్నం మూడున్నరకి వై.ఎన్.హొసకోట దిక్కున మబ్బు లేచింది. ఎదురింటి అవ్వ వాకిట్లో గోనెపట్టాల మీద చింతపండు ఆరబోసుంది. ఎర్రటి కొత్త పండు, ఇంకా చేతికి అంటుకుంటోంది. అవ్వ నుదుటిమీద చెయ్యి అడ్డం పెట్టుకుని చూసి, “ఇది మన మబ్బు కాదులే నాయనా” అంది. పది నిమిషాలు తిరక్కుండానే ఫెళ్లున ఉరిమింది. అవ్వ, కోడలు, నేను తలా ఒక కొస పట్టుకుని పట్టాలు వసారాలోకి లాగేసరికి రూపాయి బిళ్లంత చినుకులు ఓ నాలుగు పడ్డాయి. అంతే. మట్టి వాసన వచ్చింది, వాన రాలేదు. రెండు మైళ్ల అవతల మా బంధువుల చేలో మాత్రం దుక్కికి సరిపడా పదునైంది. సాయంత్రం వాళ్లు ఫోన్ చేసి “మీకెంత పడింది?” అని అడిగితే, “వాసనంత” అన్నాను.

ఆ రోజు బులెటిన్ అబద్ధమేమీ చెప్పలేదు. కొన్ని చోట్ల తేలికపాటి జల్లులు పడతాయంది, పగటి ఉష్ణోగ్రతలు మెల్లగా రెండు మూడు డిగ్రీలు పెరుగుతాయంది. తిరకాసంతా ఆ ‘కొన్ని చోట్ల’ దగ్గరే ఉంది. అది మాటవరసకి వేసిన మాట కాదు, వాతావరణ శాఖ దానికి లెక్క పెట్టుకుంది. ‘ఒకటి రెండు చోట్ల’ అంటే ఆ ప్రాంతంలోని కేంద్రాల్లో పావు వంతుకు మించవు. ‘కొన్ని చోట్ల’ అంటే 26 నుంచి 50 శాతం, ‘చాలా చోట్ల’ అంటే 51 నుంచి 75. ఆ పైన పడితేనే ‘దాదాపు అన్ని చోట్లా’. కాబట్టి ‘కొన్ని చోట్ల’ అని వినపడినప్పుడు, కనీసం సగం ఊళ్లకి ఆ పూట చుక్క రాదని కూడా అందులోనే ఉంది. మనం ఆ సగాన్ని చదవం.

ఇంతకీ ఆ ప్రాంతం ఏది? బెంగళూరు వాతావరణ కేంద్రం లెక్కలో మా పావగడ తాలూకా దక్షిణ ఒళనాడులో, అంటే కర్ణాటక దక్షిణ లోపలి భాగంలో ఉంది. కొడగు, చిక్కమగళూరు, మైసూరు, కోలారు కూడా అందులోవే. కొడగు కాఫీ తోటల్లో పూతవాన దంచి కొట్టి, పావగడలో దుమ్ము లేచినా సూచన నిజమైనట్టే. మా తాలూకా చూస్తే దాదాపు చుట్టూ ఆంధ్రప్రదేశే. మడకశిర, పెనుకొండ, కళ్యాణదుర్గం మా ఇరుగుపొరుగు. వాళ్లకి అమరావతి కేంద్రం ‘రాయలసీమ’ అని వేరే సూచన ఇస్తుంది. పెన్న హిందూపురం వైపు నుంచి వచ్చి మా నాగలమడికెని తాకి, మళ్లీ ఆంధ్రలోకి దిగి పేరూరు డ్యాంలో చేరుతుంది. మా ఎండ, మా గాలి, మా ఎర్రనేల, మా శనక్కాయ పంట అన్నీ అనంతపురం తీరువే. వాతావరణ పటంలో మాత్రం మమ్మల్ని కొడగుతో ఒకే గంపలో వేశారు. ఈ పేచీ ఎవరూ కావాలని పెట్టింది కాదు. కానీ చింతపండు ఆరబోసుకున్నవాళ్లకి దాంతో నష్టమే.

ఈ జల్లుల పుట్టుక కూడా పొలిమేరలోనే. మార్చి దాటాక పీఠభూమి కాగుతుంది. మహారాష్ట్ర నుంచి కర్ణాటక లోపలి జిల్లాల మీదుగా తమిళనాడు వరకు ఒక ద్రోణి సాగుతుంది. బంగాళాఖాతం నుంచి తేమగాలి ఒక పక్క, ఉత్తరాది పొడిగాలి ఇంకో పక్క. అవి ఒరుసుకున్న చోట మధ్యాహ్నం మబ్బు నిలువునా పెరిగి, సాయంత్రానికి కురిసి చస్తుంది. ఆ గీత ఒక రోజు కాస్త తూర్పుకి, ఒక రోజు పడమటికి జరుగుతుంది. అందుకే వీధికో వాన.

ఎండ సంగతి అలా కాదు, అది అందరికీ సమానంగా పడుతుంది. ఏప్రిల్ 28 ప్రాంతంలో పావగడలో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. మిట్టమధ్యాహ్నం నిటారుగా నిలబెట్టిన రోకలికి నీడ ఉండదు. భరణి కార్తె మొదలయ్యేదీ అప్పుడే. భరణి వాన పడితే ధరణి పండుతుందని కన్నడంవాళ్లంటారు. రోహిణి ఎండకి రోళ్లు పగులుతాయని తెలుగువాళ్లంటారు. రెండు భాషలూ మాట్లాడే మా ఇళ్లల్లో రెండు సామెతలూ చెల్లుతాయి.

ఈ జల్లులు విత్తనానికి కావు. శనక్కాయ జూన్, జూలైల్లో పడాల్సిందే. ఇవి దుక్కికి. ఇప్పుడు లోతుగా దున్నితే ఎర్ర గొంగళి పురుగు కోశాలు పైకి తేలి ఎండకి మాడతాయి, పక్షులు ఏరుకు తింటాయి. ఆ ఒక్క పదును దొరికిన చేనుకీ దొరకని చేనుకీ తేడా ఆగస్టులో కనిపిస్తుంది. తుంపరకే ట్రాక్టరు పిలిచి, పైపైన గీకించి డబ్బు వదిలించుకున్నవాళ్లని ఏటా చూస్తూనే ఉన్నాను. నేనూ ఒక ఏడాది ఆ పనే చేశాను.

బులెటిన్ గొడవ లేకుండా నిద్రపోయేవాళ్లు తిరుమణి వైపున్నారు. అక్కడ 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల సౌర పార్కు ఉంది. భూమి ఇచ్చిన రైతుకి ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలతో మొదలైన కౌలు, రెండేళ్లకోసారి 5 శాతం పెరుగుతుంది. వాన పడ్డా అంతే, పడకపోయినా అంతే. ఆ చేలల్లో కలుపు తీసి బతికినవాళ్ల సంగతి ఇంకో వారం మాట్లాడుకుందాం. తమాషా ఏమిటంటే ఆ పలకలకి కూడా ఎండ కావాలిగానీ వేడి పనికిరాదు. 25 డిగ్రీలు దాటి పలక వేడెక్కే కొద్దీ డిగ్రీకి దాదాపు 0.4 శాతం కరెంటు తగ్గుతుంది. మండే మధ్యాహ్నం ఒక జల్లు పడితే దుమ్మూ పోతుంది, పలకా చల్లబడుతుంది. అంటే వానకోసం అవీ ఎదురుచూస్తున్నట్టే.

మరి ఎవర్ని నమ్మాలి? నా అలవాటు చెబుతాను. బెంగళూరు మాట వింటాను, అమరావతి వాళ్లు అనంతపురం, సత్యసాయి జిల్లాలకి చెప్పింది కూడా చూస్తాను. రెండూ ఒకటే చెబితే పట్టాలు వసారాలోకి చేరుస్తాను. యలహంకలోని రాష్ట్ర ప్రకృతి వైపరీత్యాల పర్యవేక్షణ కేంద్రం పంచాయతీల్లో వానమాపకాలు పెట్టింది, తాలూకాలోని ఒక్కో హోబళికీ విడిగా సూచన ఇస్తోంది. మాకు అన్నిటికన్నా దగ్గరి మాట అదే. అది ఫోను చూడ్డం రాని అవ్వ దాకా రావడం లేదు.

మాకున్నవి నాలుగే హోబళ్లు: కసబా, నిడగల్లు, వై.ఎన్.హొసకోట, నాగలమడికె. పంచాయతీ పెద్దలకి నా విన్నపం ఒక్కటే. రోజూ పొద్దున పది లోపల ఆ హోబళి సూచనని బోర్డు మీద సుద్దముక్కతో రాయించండి. కన్నడంలో ఒక వాక్యం, దాని కింద తెలుగులో ఒక వాక్యం. పైసా ఖర్చు లేదు.

ఇక అవ్వలకీ, అక్కలకీ: ఉరుము వినపడితే చింతచెట్టు కింద ఒక్క క్షణం కూడా ఉండొద్దు. తడిసి నల్లబడిన పండుకి హిందూపురం మార్కెట్లో ధర తగ్గుతుంది, తగ్గనివ్వండి.