ఏ వేషం ఎవరికి?

మన వాడ కుర్రాడు ఇస్త్రీ చొక్కా తొడుక్కుంటే "ఏంట్రా వేషాలు?" అంటారు. పనిలోకి దిగకముందే కూలెంతని అడిగితే "నాటకాలాడుతున్నావా?" అంటారు. వేషం, నాటకం అనే మాటలు మన పిల్లలకు మొదట తిట్లుగానే పరిచయమవుతాయి. అదే నాటకాన్ని పట్నంలో ఫీజు కట్టగలిగిన పిల్లలకు వేసవి సెలవుల్లో చదువుగా నేర్పుతున్నారు. పది పదిహేను రోజుల తొలి శిక్షణ అది. పిల్లలకు బెరుకు పోయింది, నోరు వచ్చిందని తల్లిదండ్రులు సంబరపడతారు. మంచిదే, మాకేం కడుపుమంట లేదు. మేం అడిగేది ఒక్కటే. ఈ చదువు ప్రభుత్వ హైస్కూలు పిల్లలకు, హాస్టలు పిల్లలకు ఎందుకు అందకూడదు?

"కూటికి లేనోళ్లకు ఆటలెందుకు?" అని మనవాళ్లే కొందరు అంటారు. వాళ్లకు మేం చెప్పేదిది. కులం పాఠం ముందు ఒంటికే నేర్పుతారు. తల వంచటం, చేతులు కట్టుకోవటం, భుజం మీద తువ్వాలు తీయటం, పెద్దింటి వాకిట్లో గొంతు తగ్గించటం - ఇవేవీ వాచకంలో లేవు. తాతను చూసి తండ్రి, తండ్రిని చూసి కొడుకు నేర్చుకున్నవి. 1989లో అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. దానికోసం పోరాడాం, అది ఉండి తీరాలి. కానీ ఒంట్లో దిగిన వంపు చట్టంతో పోదు. పదో తరగతిలో మంచి మార్కులు తెచ్చుకున్న మన పిల్ల కొత్త కాలేజీలో నలుగురి ముందు పేరు చెప్పమంటే నోరు పెగలక నిలబడిపోతుంది. తెలివి లేక కాదు. నలుగురి నడుమ నిలబడే హక్కు తనకుందని ఆ ఒళ్లు ఇంకా నమ్మలేదు.

ఈ శిక్షణలో మొదటిరోజే డైలాగులు బట్టీ పట్టించరు. పిల్లలందర్నీ గుండ్రంగా నిలబెడతారు. గుండ్రంలో ముందు బెంచీ, వెనక బెంచీ ఉండవు. ఒకరి కళ్లల్లోకి ఒకరు చూడాలి. పొట్టనిండా ఊపిరి తీసి, గొంతు చించుకోకుండా, దూరాన ఉన్నవాడికి వినబడేట్టు పలకాలి. తర్వాత అద్దం ఆట. ఇద్దరు ఎదురెదురుగా నిలబడతారు. ఒకరు మనిషి, ఒకరు అద్దం. మాదిగ పిల్ల చెయ్యెత్తితే ఎదురుగా ఉన్న పెద్దకులం పిల్లాడు చెయ్యెత్తాలి. ఆమె నవ్వితే నవ్వాలి. ఊళ్లో ఇంకెక్కడ జరుగుతుందీ పని?

ఆ తర్వాత నడకలు. సర్పంచి నడక, పోలీసు నడక, నాట్లేసి నడుం పట్టేసిన ఆడమనిషి నడక. ఎవరెట్లా నడుస్తారో చూసి, నడిచి చూపించాలి. ఇక్కడే అసలు సంగతి బయటపడుతుంది. ఊళ్లో పెత్తనం ఎవరిదో నడకే చెప్పేస్తుంది. నడక నేర్చుకునేదే అయితే మానుకోవటం కూడా కుదురుతుంది. వంగి నడవటం మన పుట్టుక కాదు, మనచేత వేయించిన వేషం. ఈ ముక్క 14 ఏళ్ల పిల్లకు ఒంటితో తెలిసిందంటే సగం పని అయినట్టే.

నాటకం మనకు పరాయిదనుకోవద్దు. పరాయిది చేసినవాళ్లున్నారు. నాట్యశాస్త్రం నాటకశాల కట్టే పద్ధతి చెబుతూ నాలుగు వర్ణాలకూ తలా ఒక స్తంభం పంచింది. పంచములకు ఐదో స్తంభం లేదు. అయినా మనవాళ్లు ఆగలేదు. స్తంభాలు అక్కర్లేని ఆట కట్టారు. కూచిపూడి భాగవతంలో మగవాళ్లే ఆడవేషం కట్టే రోజుల్లో చిందు ఇంటి ఆడవాళ్లు ముఖానికి రంగేసుకుని ఆట ఆడారు. 2005లో కన్నుమూసిన నిజామాబాదు జిల్లా చిందు ఎల్లమ్మ అట్లాంటి తల్లే. కిన్నెర మొగులయ్యకు 2022లో, చిందు యక్షగానం ఆడే గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీలు వచ్చాయి. సంతోషం. కానీ బిరుదు ఇచ్చిన సర్కారు ఆ కళాకారులను బళ్లో కుర్చీ వేసి కూర్చోబెట్టి "పిల్లలకు నేర్పండి" అనటానికి ఎందుకు జంకాలి?

బడికీ నాటకానికీ చుట్టరికం కలిపింది మన పెద్దలే. జోతిబా ఫూలే 1855లో 'తృతీయ రత్న' నాటకం రాశాడు. పురోహితుడి చేతిలో మోసపోయిన రైతు జంట చివరికి చదువుకోటానికి బయల్దేరుతుంది. బోయి భీమన్న 'పాలేరు' నాటకంలో పాలేరు చదువుకుని అధికారి అవుతాడు. 1930లలో మహారాష్ట్రలో అంబేడ్కరీ జల్సాలు చదవటం రానివాళ్ల దగ్గరికి ఉద్యమాన్ని పాటగా, ఆటగా మోసుకుపోయాయి. బ్రిటిషువాళ్లు పుట్టు నేరస్తులని ముద్ర వేసిన ఛారా కులం పిల్లలు అహ్మదాబాదు ఛారానగర్‌లో 1998లో బుధన్ థియేటర్ పెట్టుకున్నారు. పోలీసు కస్టడీలో చనిపోయిన బుధన్ శబర్ కథను వీధిలోకి తెచ్చారు.

అయితే శిక్షణ పెట్టినంత మాత్రాన సరిపోదు. బడి వార్షికోత్సవాలు చూస్తున్నాం కదా. రాజు వేషానికి ఎర్రగా ఉన్నవాడు కావాలి. నల్లపిల్లకు రాక్షసి, మనవాడికి బంట్రోతు. బయట వేసిన వేషమే స్టేజీ మీదా వేయిస్తే ఆ శిక్షణ మనకొద్దు. వేషాలు చీటీలు వేసి పంచాలి. రోజూ మార్చాలి. దొర వేషం మనవాడూ కట్టాలి, జీతగాడి వేషం దొర మనవడూ కట్టాలి.

మన కార్యకర్తలకూ ఒక మాట. పిల్లల నోట్లో మన నినాదాలు కుక్కొద్దు. పెద్దల ఉపన్యాసం అప్పజెప్పించటానికి శిక్షణ ఎందుకు? హాస్టలు కూర గురించో, కుళాయి కాడ వరస గురించో, తొమ్మిదిలో చదువు మానిపించి పెళ్లి చేసిన స్నేహితురాలి గురించో కథ వాళ్లనే కట్టుకోనివ్వండి. దెబ్బలు తిన్న ఇంటి పిల్లాడిచేత ఆ దెబ్బలే ఆడించొద్దు. తనకు తానే చెప్తానంటే వేరు. చప్పట్ల కోసం పిల్లల గాయం కెలకటం తప్పు. వాళ్ల పగలబడి నవ్వూ నాటకమే, అదీ రానివ్వండి.

ఖర్చు పెద్దగా లేదు. పాతికమంది పిల్లలు, బడి వరండా, ఒక డప్పు చాలు. వేసవిలో మన పిల్లలు ఖాళీగా ఉండరన్నది మాత్రం మర్చిపోవద్దు. తునికాకు ఉంటుంది, మామిడితోట పని ఉంటుంది, ఇటుకబట్టీ ఉంటుంది. పిల్ల తెచ్చే కూలి పోతే ఇంట్లో పొయ్యికి కష్టం. అందుకని ఎండ ముదరకముందే పొద్దున మూడు గంటలు నేర్పాలి, కడుపునిండా తిండి పెట్టాలి. సగం మంది ఆడపిల్లలుండాలి. యూనివర్సిటీలో థియేటర్ చదివిన యువకుడు ఒకరు, మన కళ తెలిసిన పెద్దమనిషి ఒకరు నేర్పాలి. ఇద్దరికీ ఒకటే భత్యం, ఒకటే కుర్చీ.

ఆఖరి రోజు ప్రదర్శన వాడలో ఆడి చేతులు దులుపుకోవద్దు. బడి ముందో, పంచాయితీ ఆఫీసు ముందో, ఊరి నడిమధ్య ఆడాలి. ఎవరు చాప మీద కూర్చుంటారు, ఎవరు దూరంగా నిలబడతారు, ఎవరు అసలు రారు - ఆ రాత్రి మొదటి అంకం అదే. పిల్లలు దాన్నీ చూస్తారు.

వేసవి సెలవులు ఏప్రిల్ ఆఖర్న మొదలై జూన్ రెండోవారం దాకా ఉంటాయి. ఆలోగానే సంఘాలు కదలాలి. హెడ్మాస్టరుకు, ఎమ్మీవోకు, హాస్టలు వార్డెనుకు కాగితం పెట్టండి. "బడ్జెట్ లేదు" అంటే వరండా తాళం అడగండి, మిగతాది మనం చూసుకుందాం. అమ్మలారా, అయ్యలారా, కొడుకుతో పాటు కూతుర్నీ పంపండి. ఇన్నాళ్లూ వాళ్లిచ్చిన వేషం కట్టాం. ఇక ఏ వేషం కట్టాలో మన పిల్లలే తేల్చుకోనీ.