గ్రాముల గాలియం సరే, గుట్ట సంగతేంటి?

అల్యూమినా ఫ్యాక్టరీల ఎర్ర బురదలో నిధి ఉందన్న వార్త మనకు కొత్త కాదు. 2023 ఆగస్టులో చైనా గాలియం ఎగుమతులకు లైసెన్సు పెట్టాక ఆ వార్తలకు ఇంకాస్త ఊపొచ్చింది. బురదలో గాలియం, స్కాండియం ఉన్న మాట నిజమే. కాకపోతే టన్నుకు గ్రాముల లెక్కన. ఆ గ్రాములు ఏరుకున్నాక మిగతా టన్నును ఎక్కడ పోస్తారు?

బాక్సైట్‌ను కాస్టిక్ సోడాలో ఉడికించి అల్యూమినా లాగేశాక మిగిలేదే ఈ బురద. టన్ను అల్యూమినాకు ఇంచుమించు టన్ను నుంచి టన్నున్నర. సరిహద్దు అవతల ఒడిశాలో, కొరాపుట్ జిల్లా దమన్‌జోడిలోని నాల్కో రిఫైనరీ సామర్థ్యం ఏటా 22 లక్షల టన్నుల పైచిలుకు. తెల్లటి అల్యూమినా రైలెక్కి విశాఖ రేవుకు దిగుతుంది. ఎర్ర బురద అక్కడే పేరుకుంటుంది. సోడా ఘాటు వదలని ఆ బురద గట్టు తెంచుకుంటే ఏమవుతుందో 2010 అక్టోబరు 4న హంగరీలోని అయ్‌కా చూసింది. 10 మంది పోయారు.

గుంటూరోళ్లకు ఇదంతా ఎందుకంటారా? మన పక్కనే మాచర్ల, దాచేపల్లి సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి. పల్నాట సున్నపురాయికి కొదవ లేదు. అది బట్టీలో క్లింకర్ కావాలంటే ఇనుము, అల్యూమినా తోడవ్వాలి. వాటికోసం సిమెంటు పరిశ్రమ లేటరైట్ వాడుతుంది. అంటే ఎక్కడో ఇంకో కొండ తవ్వాలి. ఆ రెండూ ఎర్ర బురదలోనే ఉన్నాయి. 2020లో హిందాల్కో ఏటా 12 లక్షల టన్నుల బురద ఇస్తానని అల్ట్రాటెక్‌తో ఒప్పందం చేసుకుంది. రెండూ బిర్లా కంపెనీలే, బేరం ఇంట్లోనే తెగింది.

బయటివాళ్లకు అంత తేలిక కాదు. తడి బురద హాపర్‌కు అతుక్కుంటుంది. సోడా మోతాదు మించితే సిమెంటుకే చేటు, కొద్ది పాళ్లే కలపాలి. వీటన్నిటినీ మించిన చిక్కు రవాణా. బురద ఊరికే ఇచ్చినా రైలు కిరాయి ఎవరు కట్టాలి?

థర్మల్ బూడిదకూ ఒకప్పుడు ఇదే పేచీ. ఇవాళ ఇల్లు కట్టేవాళ్ల వాకిట్లో దిగే పీపీసీ సిమెంటు బస్తాలో ఆ బూడిదే ఉంటుంది. కంపెనీలకు దయ పుట్టి జరిగిన మార్పు కాదది. 1999లో కేంద్రం బూడిద వాడకం తప్పనిసరి చేసింది. 2021 నోటిఫికేషన్‌లో వాడని టన్నుకు 1000 రూపాయల పరిహారం విధించింది. ఎర్ర బురదకూ అంత గట్టి ఉత్తర్వే రావాలి. కిరాయి రిఫైనరీయే భరించాలి. గాలియం లాభం కంపెనీ పద్దులో రాసుకున్నప్పుడు, గుట్ట కదిలించే ఖర్చూ అదే పద్దులో పడాలి.